అడవివరం నుంచి కోనసీమ దాకా: ఒక జైలు పరిచర్య యాత్ర

సోమవారం, విశాఖపట్నం

హనుమంతవాక జంక్షన్ దగ్గర వ్యాను ఆపి అందరం ఇడ్లీ తిన్నాం. అయ్యగారు కాఫీ కూడా ముట్టలేదు. జైలుకు వెళ్లే రోజున బయటికి వచ్చాకే తినడం ఆయనకు ఎప్పటినుంచో ఉన్న నియమం. డెబ్బై దాటిన లూథరన్ పాస్టరు. పెన్షన్‌లో పెద్ద భాగం ఈ ప్రయాణాలకే పోతుంది. మాతో ఒక కథోలిక సిస్టర్ ఉన్నారు. 1981లో కేరళలో సెమినరీ విద్యార్థులతో మొదలై దేశమంతా విస్తరించిన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియాలో ఆమె వాలంటీరు. కాకినాడ నుంచి వచ్చిన లాయరు తమ్ముడు, తబలా వాయించే కుర్రాడు, అరకు వైపు నుంచి వచ్చిన ఒక సంఘ కాపరి, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన నేను. మా సంఘాలు వేరు, పాటల పుస్తకాలు వేరు. జైలు గేటు దగ్గర మాత్రం అందరి పేర్లూ ఒకే అనుమతి కాగితం మీద ఉంటాయి.

ఆరిలోవ దాటాక కొండలు దగ్గరికొస్తాయి. సింహాచలం కొండకు ఇవతల, అడవివరం దారిలో విశాఖ సెంట్రల్ జైలు. క్రిస్మస్‌కు ముందు వారాలు కదా, దారిలో ఇళ్ల మీద వెదురు బద్దలతో కట్టిన నక్షత్రాలు అప్పటికే వేలాడుతున్నాయి. గేటు దగ్గర ఫోన్లు, పర్సులు, కుర్రాడి నడుం బెల్టు కూడా ఇచ్చేశాం. ఆధార్ చూపించి రిజిస్టర్లో సంతకాలు పెట్టాం. పెద్ద తలుపులో ఉన్న చిన్న తలుపులోంచి తల వంచి లోపలికి వెళ్లాలి. మొదటి తలుపు మూసి తాళం పడ్డాకే రెండోది తీస్తారు. చేతి మీద ముద్ర వేస్తూ వార్డర్, "చెరపకండమ్మా, బయటికి రావాలంటే ఇదే" అన్నాడు. సబ్బులు, తువ్వాళ్లు, చదువుకునే కళ్లద్దాలు, సువార్త పుస్తకాలు అన్నీ ముందుగా రాసిచ్చి అనుమతి తీసుకున్నవే. బయటి తిండి పదార్థం ఒక్కటి కూడా లోపలికి పోదు.

మా బృందానికి ఒక కట్టుబాటు ఉంది, అది మొదటే రాయాలి. జైల్లో మేము "యేసును నమ్మినవాళ్లు చేతులెత్తండి" అని అడగం. పేర్లు రాసుకోం, లెక్కలు ఎవరికీ పంపం. సబ్బు తీసుకున్నవాడు పాటకు కూర్చోనక్కర్లేదు, పాటకు కూర్చున్నవాడు ప్రార్థనకు తల వంచనక్కర్లేదు. తాళం వేసిన గదిలో ఉన్న మనిషికి "వద్దు" అనే స్వేచ్ఛ ఎంత ఉంటుంది? ఆ స్వేచ్ఛ లేనిచోట "సరే" అనిపించుకుని తెచ్చే మాటను దేవుని ముందు పెట్టడానికి నాకు మనసొప్పదు. సువార్త చెబుతాం, దాచం, నీళ్లు కలపం. మిగతాది విన్న మనిషికీ దేవునికీ మధ్య.

ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్లు కూడా లేని పిల్లలు. గంజాయి కేసులు. పాడేరు, ముంచంగిపుట్టు వైపు నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. మూటలు కొండ దింపినందుకు కూలి తీసుకున్నవాళ్లే లోపలున్నారు, మూటలు కొన్నవాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఇరవై కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణంగా చూస్తుందనీ, అప్పుడు బెయిలు దొరకడం చాలా కష్టమనీ లాయరు తమ్ముడు వాళ్లకు విడమరిచి చెబుతుంటే, ఎవరి మూట ఎన్ని కిలోలో గుర్తుచేసుకుంటూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

కొందరికి తెలుగు అంతంతమాత్రం. అయ్యగారు లూకా సువార్త తెరిచి రెండు వాక్యాలు చదివి ఆపేసి, పుస్తకం అరకు కాపరి చేతికిచ్చారు. ఆయన ఒడియాలో, కువి అనే కొండభాషలో చెప్పడం మొదలుపెట్టగానే వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లు ముందుకు జరిగారు. ఒక కుర్రాడు ప్రార్థన అయ్యాక కాపరి చెయ్యి వదల్లేదు. వాడు అడిగింది ఒకటే: తను ఇక్కడ ఉన్నట్టు వాళ్లమ్మకు తెలియదట. ఎక్కడో పనికి పోయాడనుకుంటోందట. ఊరి పేరు చెబితే కాపరికి అది తెలిసిన ఊరే. వారపు సంతకు వస్తారు ఆ ఊరివాళ్లు. ఆయన మాతో ప్రయాణం అక్కడితో ఆపేసుకుని ఆ సాయంత్రమే కొండెక్కే బస్సు పట్టుకున్నారు.

రాజమండ్రి వెళ్లే రైల్లో అయ్యగారు ఒక సంగతి చెప్పారు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ ఈ విశాఖకే వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే విద్వాంసుడి సాయంతో సువార్తలు తెలుగు చేశారు. 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఇద్దరూ చనిపోయారు. "మన భాషలో వినిపించాలని వాళ్లు అంత పాటుపడ్డారమ్మా. ఆ కొండ పిల్లలకు వాళ్ల భాషలో వినిపించడం మన వంతు" అన్నారు. తుని దాటాక అందరం నిద్రపోయాం.

మంగళవారం, రాజమండ్రి

రాజమండ్రి సెంట్రల్ జైలు డచ్చివారి కాలపు కోట అంటారు. ఇంగ్లీషువాళ్లు 1864లో జైలుగా మార్చారు, 1870లో సెంట్రల్ జైలు చేశారు. ఎన్నిసార్లు చూసినా ఆ గోడల ఎత్తు దగ్గర నా చూపు ఆగిపోతుంది. బయట రోడ్డు పక్క ఖైదీలే నడిపే పెట్రోలు బంకు ఉంది. సత్ప్రవర్తన ఉన్నవాళ్లను అక్కడ పనికి పంపుతారు. ఊళ్లోవాళ్లు బండ్లలో పెట్రోలు పోయించుకుని చిల్లర తీసుకుని వెళ్లిపోతుంటారు.

ఇక్కడ శిక్ష పడినవాళ్లే ఎక్కువ. విశాఖలో పిల్లల కళ్లలో ఉన్న కంగారు వీళ్లలో ఉండదు. యావజ్జీవం పడ్డవాళ్లకు రోజులతో పనిలేదు. హత్య కేసుల్లో పద్నాలుగేళ్లు పూర్తి కానిదే ముందస్తు విడుదల మాటే ఉండదు కాబట్టి, ఏ జనవరి 26కు తమ పేరు జాబితాకు వస్తుందో ఏళ్ల ముందే లెక్క కట్టుకుని ఉంటారు. నేత, వడ్రంగం, బేకరీ పనుల్లో చేతులు ఆడుతూనే ఉంటాయి. పాట మొదలుపెడితే మాకంటే బాగా పాడతారు. మా కుర్రాడు తబలా ఒక పెద్దాయనకు ఇచ్చేసి పక్కన కూర్చుని తాళం వేశాడు. ఆ పెద్దాయన బయట ఉన్నప్పుడు భజన బృందంలో వాయించేవాడట, ఇప్పటికీ రోజూ రామనామం చెప్పుకుంటాడు. మా కీర్తనకు ఆయన వేసిన నడక విని జైలర్ గారు కూడా తలుపు దగ్గర నిలబడిపోయారు.

అయ్యగారు జక్కయ్య సంగతి చెప్పారు. సుంకం వసూలు చేసేవాడు, పొట్టివాడు, యేసును చూడాలని మేడిచెట్టెక్కినవాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో అందరం పాడుకున్నదే. కానీ అయ్యగారు చెట్టు దగ్గర ఆగలేదు. యేసు జక్కయ్య ఇంటికి వచ్చాక ఏం జరిగిందో దాని మీదే ఎక్కువసేపు మాట్లాడారు. జక్కయ్య లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్లకు నాలుగింతలు తిరిగిస్తాననీ అన్నాడు. ఆ మాట విన్నాకే యేసు, "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది" అన్నాడు. "మీలో ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో మీకు తెలుసు. కొన్ని తిరిగివ్వలేం. ప్రాణం తిరిగివ్వలేం. ఇవ్వగలిగినవి ఏమైనా మిగిలాయేమో చూసుకోండి" అని ముగించారు.

అందరూ వెళ్లాక నలభై దాటిన ఒకతను మా దగ్గరికి వచ్చాడు. కోనసీమ మనిషి. పేరు, ఊరు రాయను. కొబ్బరితోట గట్టు తగాదాలో సొంత పెదనాన్న కొడుకుని కొట్టి చంపాడు. తొమ్మిదేళ్లుగా లోపల ఉన్నాడు. నాలుగేళ్ల కిందట విశ్వాసంలోకి వచ్చాడు, బైబిలు మూడుసార్లు పూర్తిగా చదివాడు. "ప్రభువు నా పాపం తీసేశాడండి, ఆ నెమ్మది నాకుంది. మా వదినకు కూడా ఒక మాట చెప్పండయ్యగారూ. దేవుడే నన్ను క్షమించాడు, ఆవిడ కూడా క్షమిస్తే..." అన్నాడు.

అయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. మెత్తగానే అన్నారు: "ఆ మాట నేను మొయ్యను బాబూ. మీ అమ్మగారి దగ్గరికి వెళ్తాను. నువ్వు బాగున్నావని చెప్తాను. మీ అమ్మాయి చదువు కనుక్కుంటాను. మీ వదిన గుమ్మం ముందు నిలబడి ఆ మాట అనడానికి నాకు నోరు రాదు."

అతను మాట్లాడకుండా తలూపి బ్యారక్ వైపు వెళ్లిపోయాడు. అయ్యగారిది కఠినమైన జవాబు అని సిస్టర్‌కు అనిపించింది. నాకలా అనిపించలేదు. జైలు పరిచర్యలో క్షమాపణ గురించి రోజూ మాట్లాడతాం. ఆ మాట చెవికి ఇంపుగా ఉంటుంది, చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ కన్నీళ్లొస్తాయి. ఆ గదిలో లేని మనిషి ఒకరుంటారు. ప్రతి శిక్ష వెనకా బయట ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటిని మరిచిపోయి చెప్పిన సువార్త సగం సువార్తే అని నా నమ్మకం.

బుధవారం, రాజమండ్రి

మహిళల ప్రత్యేక కారాగారం. ఇక్కడ ముందు మాట సిస్టర్‌ది, తర్వాత నాది. అయ్యగారూ కుర్రాడూ బయట చెట్టు కింద కూర్చున్నారు.

ఆడవాళ్ల జైల్లో ములాఖత్‌కు వచ్చేవాళ్లు తక్కువ. మగవాడు జైలుకెళితే భార్య, తల్లి డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. ఆడది వెళితే పుట్టింటివాళ్లు కూడా ఆ పేరెత్తరు. అందుకే ఇక్కడ ప్రసంగం చాలా కొద్దిగా ఉంటుంది. వినడమే పని. ఒకామె అరగంటసేపు తన మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది, నేను విన్నాను. వెళ్లేటప్పుడు, "నా కేసు గురించి అడగనిది మీరేనమ్మా" అంది.

తల్లులతో పాటు చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఆరేళ్లు వచ్చేదాకా ఉండవచ్చు. ఈ పిల్లలకు తిండి, వైద్యం, ఆటపాటలు, చదువు ఎలా అందాలో 2006లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వేసిన ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. జైల్లో పుట్టిన బిడ్డకు పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా రాయాలి అని కూడా ఆ తీర్పులో ఉంది. ఆ ఒక్క వాక్యం కోసం ఆ న్యాయమూర్తులకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు. ఎక్కడ పుట్టావని బడిలో అడిగితే తల దించుకోనక్కర్లేని జీవితం ఒక కాగితం మీది గీత దగ్గర మొదలవుతుంది.

వరండాలో నలుగురు పిల్లలు ఆడుకుంటున్నారు. అందర్లోకి పెద్దపిల్ల మిగతావాళ్లను వరసగా కూర్చోబెట్టి, వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది. సాయంత్రం లాకప్‌కు ముందు రోజూ చూసేది అదే కదా. వాళ్లకు అదొక ఆట. లెక్క తప్పితే మళ్లీ మొదట్నుంచి.

ఆ ఆట చూసినప్పుడు సిస్టర్ ఎలిజబెత్ ఫ్రై గురించి ఎత్తారు. 1813లో లండన్ న్యూగేట్ జైలుకు వెళ్లిన ఇల్లాలు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖ మనిషి. మొదట పసిపిల్లలకు బట్టలు పట్టుకెళ్లింది. 1817లో ఆ జైల్లోనే పిల్లలకు బడి పెట్టించింది, ఆడ ఖైదీలకు కుట్టుపని ఏర్పాటు చేసింది, బైబిలు చదివి వినిపించింది. బట్ట, బడి, వాక్యం మూడూ ఒకే చేతిలోంచి వచ్చాయి. సిస్టర్ తెచ్చిన రంగు పెన్సిళ్లు లోపలికి అనుమతించారు. ఆ లెక్కపెట్టే పిల్లే ముందు పరిగెత్తుకొచ్చి ఆకుపచ్చది తీసుకుంది.

గురువారం, కోనసీమ

పొద్దున్నే మంచు. జొన్నాడ దగ్గర గౌతమి దాటి రావులపాలెం చేరేసరికి అరటి మార్కెట్ సందడి మొదలైంది, గెలలు లారీల కెక్కుతున్నాయి. అక్కడి నుంచి లోపలికి. కాలవ గట్టు వెంట కొబ్బరిచెట్లు, చేలల్లో దాళ్వా నారుమళ్లు, ప్రతి పేటలోనూ చర్చి మీద ఒక నక్షత్రం. అరగంట ప్రయాణంలో అందరూ కిటికీలకు అతుక్కుపోయారు. నేనూ అంతే.

అతని తల్లి మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయింది. మోకాళ్లు పట్టేశాయి. అయ్యగారు అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నారు. "వాడు తింటున్నాడాండి?" మొదటి ప్రశ్న. "సుగరు మాత్తర్లు ఏసుకుంటన్నాడాండి?" రెండోది. నేను చూసినంతవరకు మనిషి బాగానే ఉన్నాడని చెప్పాను. అమ్మాయి తొమ్మిదో తరగతి, సైకిలు మీద బడికి పోతుంది, లెక్కల్లో మంచి మార్కులు. తండ్రిని చూసి రెండేళ్లయింది. రాజమండ్రి దాకా ముసలామె తీసుకెళ్లలేదు, వేరే మనిషి లేడు. ఈ-ములాఖత్‌లో వీడియోలో మాట్లాడవచ్చని, ఎలా నమోదు చేసుకోవాలో కుర్రాడు ఆ పిల్లకు ఫోన్లో చూపించాడు. రెండు నిమిషాల్లో నేర్చేసుకుంది.

వదినగారిది ఎదురిల్లే. మేం ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడే వచ్చింది. చేతిలో చీపురుతో గేటు దగ్గర నిలబడి, "మా మరిది దగ్గర్నుంచి వచ్చారాండి?" అంది. రెండు కుటుంబాలవాళ్లూ ఒకే చర్చికి వెళ్తారట. ఈ తొమ్మిదేళ్లలో ఆ చర్చిలో ముసలామె ఎడమ వైపు, ఈవిడ కుడి వైపు.

"వచ్చామమ్మా" అన్నారు అయ్యగారు లేచి నిలబడి.

"లోపల ఏం చెబుతారండి ఆయనకి?"

"చేసింది దేవుని ముందు ఒప్పుకోమని చెబుతాం."

"ఒప్పుకుంటే?"

"దేవుడు క్షమిస్తాడని చెబుతాం తల్లీ."

ఆవిడ చీపురు గోడకు ఆనించింది. "మరి నన్నెవరూ అడగలేదేటండీ?"

అరుగు మీద ముసలామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిమ్మల్ని అడగడానికి రాలేదమ్మా. అడిగే హక్కు మాకు లేదు. మీరు ఏం చెప్పినా వినడానికి ఉన్నాం" అన్నారు.

ఆవిడ చెప్పింది. అరగంట పైనే చెప్పింది. ఆ పొద్దు భర్త ఏం తిని బయటికెళ్లాడు, ఎవరు పరిగెత్తుకొచ్చి చెప్పారు, అమలాపురం ఆసుపత్రి గేటు దగ్గర ఏమైంది. చర్చిలో ఎవరో, "బైబిలు క్షమించమంటోంది కదమ్మా" అని మూడో నెలలోనే అన్నారట. అప్పట్నుంచి ఏడాదిపాటు చర్చికే వెళ్లలేదట. అదంతా రాయడం నాకు ఇష్టం లేదు, అది ఆవిడది. చివరికి వెళ్లబోతూ వెనక్కి తిరిగి ఒక మాట అంది.

"ఆ రాయి ఇంకా అక్కడే ఉందండి. రాత్రికి రాత్రి రెండడుగులు మా లోపలికి జరిపి పాతిన రాయి. దాని గురించే మా ఆయన అడగడానికెళ్లింది. తోటలోకి ఎళ్లినప్పుడల్లా దాన్ని చూడాలి నేను. క్షమాపణ సంగతి తర్వాత. ముందు ఆ రాయి తియ్యించమనండి."

లాయరు తమ్ముడు అప్పటికే ముసలామె పక్కన కూర్చుని కాగితాలు అడుగుతున్నాడు. భూమి పాస్‌బుక్కు తల్లి పేరు మీదే ఉంది. ఇక పని తేలిక. సర్వేయరు వచ్చి హద్దులు కొలిచి చూపించడానికి ఎఫ్-లైన్ దరఖాస్తు అని ఒకటుంటుంది, సచివాలయంలో పెట్టుకోవచ్చు. పక్క రైతులకు నోటీసు వెళుతుంది, అందరి ముందూ కొలుస్తారు. ముసలామె, "నా కొడుకు జరిపాడని రాయాలాండి?" అని భయంగా అడిగింది. "అక్కర్లేదమ్మా, హద్దు సరిచూడమని రాస్తే చాలు" అన్నాడు. వేలిముద్ర వేసింది. మనవరాలు పక్కన నిలబడి కాగితమంతా చదివింది.

వ్యాన్లో చాలాసేపటికి సిస్టర్ నోరు తెరిచారు. మధ్యప్రదేశ్‌లో ఇందోర్ దగ్గర పేద రైతుల మధ్య పనిచేసిన సిస్టర్ రాణి మరియను 1995 ఫిబ్రవరి 25న బస్సులో వెళ్తుండగా పొడిచి చంపారు. చంపినవాడు సమందర్ సింగ్. రాణి మరియ చెల్లెలు కూడా మఠకన్యే, సెల్మీ పాల్. 2002లో రాఖీ పండగనాడు ఆమె జైలుకు వెళ్లి అతనికి రాఖీ కట్టి తమ్ముడన్నారు. కుటుంబం కూడా విడుదలకు సమ్మతించింది. 2006లో అతను బయటికొచ్చాడు. 2017 నవంబర్ 4న రాణి మరియను ఇందోర్‌లో ధన్యురాలిగా ప్రకటించారు.

"ఆవిడ మాట్లాడుతున్నప్పుడు ఇది నా నోటిదాకా వచ్చింది. మింగేశాను" అన్నారు సిస్టర్.

మంచి పని చేశారన్నాను. సెల్మీ పాల్ చేసింది నిజం, గొప్పది, దాని ముందు నా తల వంగుతుంది. కానీ ఆమె జైలుకు తన కాళ్ల మీద తను నడిచి వెళ్లింది, ఏడేళ్లు గడిచాక, ఎవరూ తోయకుండా. ఆ సంగతిని తీసుకెళ్లి కోనసీమలో ఒక భర్త పోయిన ఆడమనిషి ముందు కొలబద్దలా పెట్టడం క్రూరత్వం. సిస్టర్ నా చెయ్యి పట్టుకుని ఊరుకున్నారు.

శుక్రవారం, నరసాపురం

రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకు వచ్చి పంటు ఎక్కాం. వశిష్ఠ గోదావరి అక్కడ సముద్రానికి దగ్గరపడి వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది. వ్యాను, మోటారు సైకిళ్లు, గేదెపాల క్యాన్లు, మేము. అవతలి ఒడ్డున నరసాపురం. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో ఇంగ్లండు నుంచి మన దేశానికి ఓడ ఎక్కారు. ఏ సొసైటీ జీతం లేకుండా విశ్వాసం మీద బతుకుతూ ఈ డెల్టాలో పనిచేశారు. గోదావరి డెల్టా మిషన్ వాళ్లతో మొదలైందే. ఇప్పటికీ ఈ పక్క సహవాసాల్లో జీతం లేని పరిచారకులే ఎక్కువ.

దగ్గర్లో ఒక సబ్‌జైలుకు వెళ్లాం. చిన్నది, ఒకే వరండా. అందరూ రిమాండు ఖైదీలే. దేశం మొత్తం మీద కూడా సంగతి ఇంతే: 2022 చివరినాటి జాతీయ లెక్కల్లో 5,73,220 మంది ఖైదీలుంటే 4,34,302 మంది విచారణ తేలనివాళ్లు, అంటే నూటికి డెబ్బై అయిదు మందికి పైనే. కోర్టు ఇంకా దోషి అనలేదు, అయినా గోడ లోపలే. ఇక్కడ పాపం, మారుమనస్సు అని మొదలుపెడితే తప్పు చేసినట్టు మనమే తీర్పు చెప్పినట్టవుతుంది. అయ్యగారు కీర్తన ఒకటి చదివి, కష్టంలో దేవుడు దగ్గరుంటాడని మాత్రం చెప్పి, మిగతా సమయం లాయరుకు ఇచ్చేశారు.

ఒకతనికి బెయిలు వచ్చి రెండు నెలలైంది. ష్యూరిటీ దొరక్క లోపలే ఉన్నాడు. అరటితోట కూలీ. ఇలాంటివాళ్ల కోసం కేంద్ర హోంశాఖ 2023లో పేద ఖైదీల సహాయ పథకం పెట్టింది, జిల్లా కమిటీ ఒప్పుకుంటే అందులోంచి పూచీ సొమ్ము కట్టవచ్చు. గంజాయి కేసులవాళ్లకు అది వర్తించదు, విశాఖ పిల్లలు గుర్తొచ్చారు. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో చిక్కినవాడు ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపలే గడిపేస్తే బాండు మీద విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు తప్ప. ఇవన్నీ తమ్ముడు నల్లబల్ల మీద రాసి చూపించాడు. జైలు అధికారి కూడా కుర్చీ లాక్కుని కూర్చుని రాసుకున్నారు.

సాయంత్రం అరకు కాపరి ఫోను. ఆ కుర్రాడి తల్లి సంతలో దొరికిందట. అడ్డాకుల కట్టలు అమ్ముకుంటోంది. కొడుకు బతికే ఉన్నాడని విని అక్కడే కూలబడిందట. వచ్చే వారం తనే ఆమెను విశాఖ తీసుకెళ్తానన్నారు.

శనివారం, రాజమండ్రి

పాలకొల్లు, తణుకు మీదుగా కొవ్వూరు వచ్చి 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన మీద గోదావరి దాటాం. సూపరింటెండెంట్ గారు అరగంటకు అనుమతి ఇచ్చారు, అయ్యగారికీ లాయరుకీ నాకూ.

అతను స్నానం చేసి ఉతికిన బట్టలతో వచ్చాడు. ముందు తల్లి సంగతి చెప్పాం, కూతురు లెక్కల మార్కులు చెప్పాం. వీడియోలో మాట్లాడుతుందని చెబితే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాస్త తేరుకున్నాక, "మా వదిన కనపడిందాండి?" అన్నాడు.

అయ్యగారు దాచలేదు. మాటకు మాట చెప్పారు. "నన్నెవరూ అడగలేదు" అన్న మాట కూడా. రాయి సంగతి కూడా. అతను నేల వైపే చూస్తూ విన్నాడు. తమ్ముడు దరఖాస్తు నకలు ముందు పెట్టి, ఇంకా సచివాలయంలో ఇవ్వలేదనీ, తల్లి వేలిముద్ర ఉందనీ, అతనికి ఇష్టమైతేనే సోమవారం ఇస్తామనీ, సర్వేయరు కొలిచాక రాయి మార్చే ఖర్చు ఇంత అవుతుందనీ చెప్పాడు. జైల్లో నేతపనికి వచ్చిన కూలి డబ్బు తన ఖాతాలో ఉంది, అందులోంచే తీసుకోమన్నాడు. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని మెల్లగా చదివాడు.

"రెండడుగులని చెప్పిందాండి ఆవిడ?"

"అవును."

"మొదట రెండే జరిపానండి. తర్వాత ఎండాకాలంలో వాళ్లు ఊళ్లో లేనప్పుడు ఇంకో అడుగు జరిపాను. అన్నయ్యకి కూడా తెలీదు. కోర్టులో కూడా చెప్పలేదు." కాగితం తమ్ముడి వైపు తోశాడు. "మూడని చెప్పండి ఆవిడకి. సర్వేయరు రాకముందే చెప్పండి."